నాలుగు తీగలు, ఐదు నీడలు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్నే రైతు బజారుకి వెళ్ళి ఒక ఆనపకాయ, రెండు తోటకూర కట్టలు, కిలో బీరకాయలు తెచ్చాను. వాన పడుతూ ఆగుతూ ఉంది. ఇంటికొచ్చి ఎనిమిదో తరగతి ఎఫ్ఏ పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం నలభై రెండు. పదకొండు దిద్దేసరికి మనసు మళ్ళీ ఆ ఫిడేలు మీదికే పోయింది. ఆన్‌లైన్‌లో దాన్ని అమ్మినాయన గురించి ఆ సైటులో అభిప్రాయం రాయడానికి ఎల్లుండి వరకే గడువు. రెండు నెలలుగా రేపు రేపు అనుకుంటూ వచ్చాను.

అసలు సంగతి ఇక్కడ ఒకసారి వివరంగా రాసుకుంటాను. రాసుకుంటే గానీ తేలేలా లేదు.

పాపకి పన్నెండు నిండాయి. ముప్పావు సైజు ఫిడేలు దాని చేతికి చిన్నదైపోయింది, వేళ్ళు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఇక ఫుల్ సైజు కొనండమ్మా అని మాస్టారు జూన్‌లోనే చెప్పారు. డొక్క పొడవు పధ్నాలుగు అంగుళాలు ఉండాలని కొలత కూడా ఇచ్చారు. కొత్తవాటిలో మనకి అందే ధరలో ఉన్నవి గొంతు విప్పడానికి ఏళ్ళు పడుతుందని, పాతది మంచిది దొరికితే అదృష్టమని అన్నారు. ఆ మాట నాకు పట్టుకుంది. ఈ విజయనగరంలో ఫిడేలు అంటే మాటలు కాదు. పాప నేర్చుకునేది 1919లో పెట్టిన సంగీత కళాశాలలో. నేర్చుకుందామని ఇక్కడికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఇరవై ఆరేళ్ళకే గురువుగా కూర్చోబెట్టిన చోటు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. పాపని చేర్పించినప్పుడు నా మనసులో ఉన్నది ఇదంతానే. దాని చేతిలో మంచి ఫిడేలు ఉండాలని నాకు అంత కోరిక.

వేలంపాట సైటులో కనిపించింది. ‘పాత జర్మన్ వయొలిన్, మామూలు వాడకపు గుర్తులు ఉన్నాయి, ఫొటోలు చూసి కొనండి, వాపసు లేదు.’ ఎనిమిది ఫొటోలు. పాట పాడే ముందు నేను అడిగాను కూడా: ‘ఎక్కడైనా పగులు ఉందాండీ?’ గంటలో జవాబొచ్చింది. ‘ఫొటోల్లో ఏది కనిపిస్తుందో అదే మేడమ్.’ అప్పుడది నిజాయితీగల మాటలా వినిపించింది. ఆరు వేలు దాటకూడదని అనుకున్నదాన్ని, ఎవరో పోటీకి వస్తుంటే చివరి రెండు నిమిషాల్లో తొమ్మిది వేల రెండు వందల దాకా వెళ్ళాను.

ఐదో రోజుకే పార్సిల్ వచ్చింది. అంత చక్కగా కట్టిన పార్సిల్ నేనెప్పుడూ చూడలేదు. అట్టపెట్టె లోపల ఇంకో అట్టపెట్టె, మధ్యలో థర్మోకోల్, లోపల మెత్తటి గుడ్డలో ఫిడేలు. తీగలు వదులు చేసి, వాటిని పైకెత్తి పట్టే చెక్క బ్రిడ్జి తీసి, విడిగా కాగితంలో చుట్టి పెట్టాడు. పాప దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది. లోపల చీటీ మీద స్ట్రాడివారియస్ అని ఉంది, అమ్మా అని అరిచింది. పేరుమోసిన ఆ ఇటలీ ఫిడేళ్ళ తయారీదారు పేరున్న చీటీలు జర్మనీలో ఎన్నెన్నో మామూలు ఫిడేళ్ళలో అంటించేవారని, అది నమూనా పేరేనని నేను ముందే చదివాను కాబట్టి ఆ మాటకి ఆశపడలేదు. ఆ విషయంలో అమ్మినాయన కూడా అబద్ధం చెప్పలేదు.

సాయంత్రం మాస్టారింటికి తీసుకెళ్ళాం. ఆయన దాన్ని దీపం కింద తిప్పి చూశారు. అంచున ఉండే నల్లగీతని గోటితో గీకి, ఇది చెక్కలో పొదిగింది కాదమ్మా, సిరాతో గీసింది అన్నారు. తర్వాత పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి తెచ్చి, పక్కనున్న ఎఫ్ ఆకారపు కంతలోంచి లోపలికి పెట్టి, టార్చి వేసి చూశారు. చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పై పలక మీద, సన్న తీగ వైపు బ్రిడ్జి కాలు ఆనే చోటు నుంచి కిందికి సన్నటి పగులు ఉంది. దాని కిందే లోపల సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర నిలబడుతుంది. తీగలు బిగిస్తే ఆ బరువు బ్రిడ్జి కాలి మీదుగా ఆ కర్ర మీదికి దిగుతుంది. ఫిడేలుకి పగులు ఎక్కడ రాకూడదో సరిగ్గా అక్కడే వచ్చింది. తీగలు బిగించి వాయిస్తే పగులు ఇంకా సాగుతుంది. పలక విప్పి, లోపలి నుంచి ఆ చోట కొత్త చెక్క పొదిగి అతికించాలి. అది చెయ్యగల మనిషి విశాఖలో ఒకాయన ఉన్నాడు, నాలుగైదు వేలు అవుతాయి అన్నారు మాస్టారు.

దారిలో తగిలిన దెబ్బేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. పగులులో మురికి చేరి నల్లబడింది, పాతదేనమ్మా అన్నారు. ఆ తర్వాత అన్న మాట రెండు నెలలుగా నా చెవిలోనే ఉంది. ‘ఎలా కట్టి పంపాడన్నారు? తీగలు వదులు చేసి, బ్రిడ్జి తీసి? ఫిడేలు తెలిసినవాడే అలా కడతాడు. తెలిసినవాడికి ఇది కనబడకుండా ఉంటుందా?’

ఇంటికొచ్చి ఫొటోలు మళ్ళీ చూశాను. ఐదో ఫొటోలో ఉంది. ఎండ పక్క నుంచి పడుతున్న ఫొటో అది. పలక మీద తీగల నీడలు వరసగా పడ్డాయి. లెక్కపెట్టాను. తీగలు నాలుగు, నీడలు ఐదు. ఐదోది నీడ కాదు.

పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని నేను. కొనే ముందు ఆ ఫొటోని ఇరవైసార్లు చూసి ఉంటాను. నా వంతు తప్పు ఉందని ఒప్పుకుంటాను. కానీ పగులు ఉందా అని నేను సూటిగా అడిగాను కదా. ఉంది, లేదు అని చెప్పాల్సిన చోట ‘ఏది కనిపిస్తుందో అదే’ అన్నాడు. కనిపించేలా చెప్పడం ఆయన చేతిలో పని.

ఆయనకి రాశాను. పగులు ఫొటో పంపాను. మర్యాదగానే జవాబిచ్చాడు: ‘పదిహేను వందలు వెనక్కి వేస్తాను మేడమ్. ముందు మంచి అభిప్రాయం పెట్టి, ఆ స్క్రీన్‌షాట్ పంపండి.’ డబ్బు వేస్తే వెయ్యండి, అభిప్రాయానికీ దానికీ ముడి పెట్టకండి అని రాశాను. మళ్ళీ పలకలేదు.

ఆ రాత్రే ఆయన కింద ఇదివరకు కొన్నవాళ్ళు రాసినవన్నీ కూర్చుని చదివాను. మూడు వందలకి పైనే ఉన్నాయి, దాదాపు అన్నీ మంచివే. ‘ఫాస్ట్ డెలివరీ.’ ‘ప్యాకింగ్ సూపర్.’ కొనే ముందు వీటిని చూసే నాకు నమ్మకం కుదిరింది. ఈసారి వేరేగా కనిపించాయి. ‘వస్తువు అందింది. మాట్లాడుకుని సరిచేసుకున్నాం. థాంక్స్’ అని ఒకరు. ‘సెల్లర్ కోపరేట్ చేశారు’ అని ఇంకొకరు. ఏం సరిచేసుకున్నారు? ఏ విషయంలో కోపరేట్ చేశారు? వాళ్ళకీ పదిహేను వందలో, రెండు వేలో అంది ఉంటాయేమో, నేను రుజువు చెయ్యలేను. కానీ వాళ్ళలో ఒక్కరు ఒక్క వాక్యం విప్పి రాసి ఉంటే నేను ఆ ఐదో ఫొటో దగ్గర ఆగేదాన్ని.

ఇలా కొన్నవాళ్ళూ అమ్మినవాళ్ళూ ఒకరి గురించి ఒకరు బాహాటంగా రాసే పద్ధతిని ఈబే అనే వేలంపాట సైటులో, దాన్ని పెట్టిన పియర్ ఒమిడ్యార్ 1996లో మొదలుపెట్టాడట. నేను కొన్నది వేరేచోట, కానీ పద్ధతి అదే. ముఖం తెలియనివాళ్ళు ఒకరికొకరు డబ్బు పంపుకోవాలంటే ఏదో ఒక సాక్ష్యం కావాలి కదా. మొదట్లో ఇద్దరూ ఒకరిమీద ఒకరు చెడుగా రాసుకోవచ్చు. నేను రాస్తే వాడూ రాస్తాడన్న భయంతో కొన్నవాళ్ళు నోరు విప్పేవారు కాదు. అందుకని 2008లో అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళకి చెడ్డ అభిప్రాయం ఇవ్వకుండా ఆపేశారు. భయం తీసెయ్యడానికి ఒక కంపెనీ నిబంధన మార్చుకుంది. మొహమాటం తీసెయ్యడానికి ఏ నిబంధనా సరిపోదు, అది మనమే తీసెయ్యాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే మాట. ‘ఏటమ్మా, ఆ ఫిడేలు గొడవ ఇంకా తెగలేదేటి? పోనీలే, ఆడి పాపం ఆడిదే’ అంది అత్తయ్య. ఆవిడది కష్టపెట్టే మనసు కాదు, ఎవరి పొట్ట కొట్టినా ఓర్చుకోలేదు. మా ఆయన మాత్రం మధ్యరకం పెట్టెయ్, మంచీ కాదు చెడూ కాదు, నీకూ బాధ ఉండదు అన్నారు. అది నాకు నచ్చలేదు. ఆ సైటులో శాతం ఎలా వేస్తారో చూశాను: మంచివాటిని, మంచివీ చెడ్డవీ కలిపిన మొత్తంతో భాగిస్తారు. మధ్యరకం పైనా రాదు, కిందా రాదు. గోడ మీద పిల్లి వాటం అభిప్రాయం లెక్కలోకే రాదు. పదిహేను వందలు తీసుకుని ఊరుకోవడానికీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

పాప అడిగింది: ‘మరి పార్సిల్ అంత బాగా కట్టారు కదమ్మా, అది రాయవా?’

రాయాలి. పేపరు దిద్దేటప్పుడు జవాబు తప్పైనా, సరిగ్గా వేసిన మెట్లకి మార్కులు వేస్తాను. ఆ మనిషికి మాత్రం ఎందుకు వెయ్యకూడదు? ఇక్కడ నాకు ఒక పీటముడి తెగింది. మొదట నేను రాసి పెట్టుకున్నదాంట్లో ‘మోసగాడు’ అన్న మాట ఉంది. తెలిసే దాచాడని నేను నమ్ముతున్నాను, మాస్టారూ నమ్ముతున్నారు. అయినా ఆయన మనసులో ఏముందో నేను చూసి రాలేదు. అడిగినప్పుడు ఏమని జవాబిచ్చాడో మాత్రం నా ఫోన్లో ఉంది. అందుకని ఆ మాట కొట్టేశాను. తర్వాత కొనబోయేవాళ్ళకి నా కోపంతో పనిలేదు. వాళ్ళలో నాలాగే ఒక పిల్ల కోసం వెతుక్కునే తల్లి ఉండొచ్చు. ఆవిడకి అక్కరకొచ్చేది రాయాలి.

‘చెడ్డది’ అన్నదాన్ని నొక్కి, ముందు తెలుగులో రాసుకున్నదాన్ని ఇంగ్లీషులో పెట్టాను. తెలుగులో ఇలా రాసుకున్నాను:

‘త్వరగా పంపారు. ప్యాకింగ్ చాలా జాగ్రత్తగా ఉంది. పై పలకకి సౌండ్ పోస్ట్ ఉండేచోట పాత పగులు ఉంది, వివరాల్లో రాయలేదు. కొనే ముందు పగులు ఉందా అని అడిగితే ఫొటోలు చూసుకోమన్నారు. బాగుచెయ్యకుండా వాయించడానికి పనికిరాదు. మంచి అభిప్రాయం పెడితే రూ. 1500 వెనక్కి ఇస్తామన్నారు, నేను తీసుకోలేదు. ఈయన దగ్గర కొనేవాళ్ళు అడిగిన ప్రశ్నకి ఉంది, లేదు అన్న జవాబు వచ్చాకే పాట పాడండి.’

పెట్టే ముందు దాన్నే ఆయనకి పంపాను. ఇందులో జరగనిది ఏదైనా ఉంటే చెప్పండి, తీసేస్తాను అన్నాను. అరగంట చూశాను. నీలం టిక్కులు పడ్డాయి. ఏమీ రాలేదు. తొమ్మిదిన్నరకి పెట్టేశాను.

వచ్చే నెల జీతం అందాక ఫిడేలు విశాఖ తీసుకెళ్ళాలి. అప్పటిదాకా గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాను. పాప లోపలి గదిలో చిన్న ఫిడేలు మీదే మోహన వర్ణం వాయించుకుంటోంది, రెండో కాలం దగ్గర వేళ్ళు ఇరుక్కుని ఆగి, మళ్ళీ మొదలుపెడుతోంది. పేపర్లు ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి.