పూల్ కన్నా ముందు కంచె గీయండి

న్యూజిలాండ్‌లో పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించుకునేవాళ్ళని అడిగి చూడండి, గుంత తవ్వడం గురించి ఎవరూ మాట్లాడరు, బిల్డింగ్ కన్సెంట్, అంటే కట్టే ముందు స్థానిక కౌన్సిల్ ఇచ్చే అనుమతి, దాని గురించే మాట్లాడతారు. మా బంధువుల ఇంట్లో ఈ తతంగమంతా దగ్గరుండి చూశాను. ఫైలు ఆగింది పూల్ దగ్గర కాదు, కంచె దగ్గర.

రూల్ కష్టమైనదేం కాదు. నీళ్ళు 400 మిల్లీమీటర్లు, ఆపైన లోతు నిలిచే పూల్ అయితే, అయిదేళ్ళలోపు పిల్లలు ఒంటరిగా లోపలికి పోకుండా అడ్డు ఉండాలి. 1987 నాటి కంచెల చట్టాన్ని రద్దు చేసి 2017 జనవరి 1 నుంచి దీన్ని బిల్డింగ్ యాక్ట్‌లోనే కలిపేశారు. కంచె కనీసం 1.2 మీటర్ల ఎత్తు, గేటు పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడాలి, మూడేళ్ళకోసారి తనిఖీ. ఇందులో ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించమని నేననను. పసిపిల్లలు నీళ్ళలో పడితే అరుపు కూడా వినపడదు.

నా గొడవంతా కాగితాలతోనే. కన్సెంట్‌కి చట్టం ఇచ్చిన గడువు 20 పనిదినాలు, కానీ కౌన్సిల్ ఏదైనా వివరం అడిగిన రోజు ఆ లెక్క ఆగిపోతుంది, మనం జవాబిచ్చాకే మళ్ళీ మొదలవుతుంది. మావాళ్ళని ముందు గేటు గడియ గురించి అడిగారు, దానికి జవాబిచ్చాక ర్యాంచ్ స్లైడర్ (పక్కకి జరిపే అద్దాల తలుపు) పూల్ వైపు తెరుచుకుంటుంది కదా దాని సంగతేంటన్నారు, అదీ అయ్యాక కంచె పక్కనున్న పూలతొట్టె ఎక్కి పిల్లలు దూకరా అన్నారు. మూడూ న్యాయమైన ప్రశ్నలే! మొదటి ఉత్తరంలోనే అన్నీ అడిగితే ఏం పోయింది?

అసలు అప్లికేషన్ మొదటి పేజీయే కంచె ప్లాన్ కావాలి. గేటు ఎటు తిరుగుతుంది, ఏ తలుపులు, కిటికీలు పూల్ వైపు ఉన్నాయి, ఎక్కడానికి వీలున్న వస్తువులు ఏమున్నాయి, ఇవి గీసి ఇస్తేనే తీసుకుంటాం అంటే సగం ఉత్తరాలు తగ్గుతాయి. ఫైబర్‌గ్లాస్ షెల్ (తయారై వచ్చే పూల్ తొట్టి) సంగతి ఇంకా విచిత్రం. ఒకే అచ్చులో పోసిన షెల్‌కి ప్రతి ఇంటికీ లెక్కలు కొత్తగా చదవడమెందుకు? ఒకే డిజైన్‌ని పదేపదే కట్టేవాళ్ళకి మల్టీప్రూఫ్ అనే ముందస్తు ఆమోదం ఉంది, అది చూపిస్తే కౌన్సిల్ 10 పనిదినాల్లో తేల్చాలి. షెల్స్‌కీ ఆ దారే పట్టించి, కౌన్సిల్ వాళ్ళ సమయాన్ని మట్టి మీద, కంచె మీద పెట్టించాలి.

స్పా పూల్ (వేడినీళ్ళ చిన్న తొట్టి) విషయంలో మాత్రం బుర్ర పెట్టారు. నీటి ఉపరితలం 5 చదరపు మీటర్లు దాటకుండా, పక్కలు 760 మిల్లీమీటర్ల ఎత్తుండి, ప్రమాణాలకి సరిపోయే తాళం మూత ఉంటే వేరే కంచె అక్కర్లేదు. కానీ షాపులో కొన్న, గాలి నింపే పూల్‌కి లోతు ఎక్కువైతే కంచె కావాలి, ఆ కంచెకి కన్సెంటూ కావాలి. అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పే నోటీసు ఇవ్వాలని చట్టంలోనే ఉంది, పెట్టెలోని ఆ కాగితం ఎంతమంది చదువుతారో మరి.

ఇప్పుడు కట్టించే ఆలోచనలో ఉన్నవాళ్ళు కొటేషన్‌లో కంచె ఉందో లేదో ముందే అడగండి. నేను చూసిన వాటిలో అది విడిగానే ఉంది. కంచె పూర్తికాకుండా మాత్రం నీళ్ళు నింపొద్దు, సగం నింపినా తప్పే.