పద్యం పాడనన్న ఆదివారం

"పాడను" అంది మా అమ్మాయి.

ఫోన్‌లో అవతల మా నాన్నగారు, ఆయన పక్కన తెనాలి నుంచి వచ్చిన మేనత్త, వెనక మంచం మీద ఇంకెవరో చుట్టాలు. పదమూడేళ్ళ మనవరాలు ప్రహ్లాదుడి పద్యం పాడితే వినాలని అందరూ సర్దుకుని కూర్చున్నారు. నేను ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "తాతయ్యగారు అడిగారు, పాడు. ఎందుకూ ఏమిటీ అని అడగకు" అన్నాను.

"బెఫేల్ ఇస్ట్ బెఫేల్. అంతేనా అమ్మా?"

జర్మన్‌లో ఆజ్ఞ అంటే ఆజ్ఞే అని అర్థం. గొంతు పెంచలేదు, విసుక్కోలేదు, మామూలుగానే అడిగింది. ఇంకే ఊళ్ళోనైనా అయితే కోప్పడి ఊరుకునేదాన్ని. కానీ మేముండేది జర్మనీలోని ఫ్లెన్స్‌బుర్గ్‌లో. పైగా ఆ మధ్యాహ్నమే తనని వెంటబెట్టుకుని మా ఊళ్ళోనే ఉన్న మ్యూర్విక్ పేట వైపు నడిచి, ఆ మాట వల్ల ఇక్కడ ఏం జరిగిందో వివరంగా చెప్పింది నేనే.

స్కూల్లో సొంత ఊరి చరిత్ర మీద ఏదో రాసుకు రమ్మన్నారు. జర్మనీలో కారు నడిపేవాళ్ళకి ఫ్లెన్స్‌బుర్గ్ అనగానే ట్రాఫిక్ పాయింట్లు గుర్తొస్తాయి. ఎనిమిది పాయింట్లయితే లైసెన్సు పోతుంది, ఆ లెక్కంతా రాసే ఆఫీసు మా ఊళ్ళోనే ఉంది. తను దాని గురించి రాస్తానంటే, "అది కాదు, 1945 మే నెల గురించి రాయి" అని పట్టుబట్టాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ లొంగిపోయిన నెల అది. నేనే పుస్తకాలు తెచ్చాను.

ఏప్రిల్ 30న హిట్లర్ చనిపోయాక అధికారం నౌకాదళాధిపతి డోనిట్జ్ చేతికొచ్చింది. మే 3 నాటికి ఆయనా, ఆయన ప్రభుత్వమూ, సర్వోన్నత సైనిక కమాండూ అందరూ ఈ చిన్న రేవు పట్టణానికి చేరారు. మ్యూర్విక్‌లో సముద్రపు ఒడ్డున ఎర్ర ఇటుకలతో కోటలా కనిపించే నేవీ స్కూలుంది. ఆ ఆవరణలోనే కొలువు తీరారు. మే 7న యుద్ధం ముగిసిందన్న ప్రకటన ఇక్కడి రేడియో నుంచే వెళ్ళింది. 9న చివరి సైనిక ప్రకటన కూడా ఇక్కడి నుంచే. 13న కమాండ్ అధిపతి కైటెల్‌ని మిత్రరాజ్యాల వాళ్ళు అరెస్టు చేస్తే, యోడ్ల్ అనే సైన్యాధికారి ఆ కుర్చీలో కూర్చున్నాడు. సైన్యమే లొంగిపోయాక ఆ కుర్చీకి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. 23న రేవులో ఉన్న పాట్రియా అనే ఓడ మీదికి డోనిట్జ్‌నీ యోడ్ల్‌నీ పిలిపించి అరెస్టు చేశారు. నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో కైటెల్, యోడ్ల్ ఇద్దరూ పైవాడి ఆజ్ఞ పాటించామనే చెప్పుకున్నారు. ఆ కోర్టు నిబంధనల్లో 8వది ముందే రాసి ఉంది, పైవాడు చెప్పాడన్నంత మాత్రాన బాధ్యత పోదని. 1946 అక్టోబర్ 16న ఇద్దరినీ ఉరి తీశారు.

ఇదంతా మా అమ్మాయి మామూలుగానే వింది. తను ఆగిపోయింది వీధి పేరు రాసిన ఒక పలక ముందు. అస్ముస్ యెప్సెన్ దారి. ఎన్నోసార్లు చూసిన పేరే. ఆయన నౌకాదళ అధికారి. మే 6న, అంటే ఈ ప్రాంతంలో కాల్పులు ఆగిన మర్నాడు, విధి వదిలి వెళ్ళాడని సొంత సైన్యం వాళ్ళే ఇక్కడ కాల్చి చంపారు. అంతకంటే ఘోరం, మే 10న, మొత్తం సైన్యం లొంగిపోయాక, ఊరికి తూర్పున గెల్టింగ్ అఖాతంలో ఒక ఓడ మీద ముగ్గురు నావికుల్ని అదే నేరం కింద కాల్చారు.

"అప్పటికే అయిపోయింది కదా! కాల్చిన వాళ్ళు ఎందుకని అడగలేదా?" అంది.

"అడగలేదు. అడగడం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు" అన్నాను. చాలా గర్వంగా కూడా అన్నాను. ఇప్పుడు ఇక్కడి సైనికుడికి 1956 నాటి చట్టం ఏం చెబుతుందో కూడా వివరించాను. నేరం చేయించే ఆజ్ఞని పాటించకపోవడం తప్పు కాదు సరికదా, పాటిస్తేనే తప్పు. ఆ నేవీ స్కూల్లో ఈ రోజుకీ అధికారులు తయారవుతున్నారని, వాళ్ళు నేర్చుకునేది ఈ చట్టమేనని చెప్పాను.

మూడు గంటలు తిరక్కుండానే "ఎందుకూ ఏమిటీ అని అడగకు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక తన గదిలోకి వెళ్ళి, "పద్యానికీ తుపాకీకీ పోలికేమిటే?" అని అడిగాను. "నేను పోల్చలేదమ్మా, నువ్వన్న మాటకి జర్మన్‌లో ఏమంటారో చెప్పాను" అంది. నా దగ్గర జవాబు లేదు.

మా ఇళ్ళల్లో పిల్లల్ని మెచ్చుకోవాలంటే ముందొచ్చే మాట "చెప్పిన మాట వింటాడు" అనే. నేనూ ఆ మెప్పు కోసమే పెరిగాను. ఇంటరులో ఏ గ్రూపు తీసుకోవాలో మా నాన్నగారు చెప్పారు, తీసుకున్నాను. ఎందుకని అడిగిన గుర్తు లేదు. ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగు వాళ్ళకి మాత్రం, పిల్లలకి కారణం చెప్పండి, వింటారు అని చెబుతుంటాను. నిజంగానే వింటారు. మరి పద్యానికి ఏం కారణం చెప్పాలి? తాతయ్యకి ఎనభై దాటాయి, ఇంకెన్నిసార్లు అడుగుతారో తెలియదు. ఉన్న కారణం అదే. అది చెబితే కారణం కాదు, బెదిరింపు అవుతుంది.

ఆ రాత్రి ఇంకోటి తట్టి నిద్ర పట్టలేదు. నేను బలవంతాన పాడించాలనుకున్నది ప్రహ్లాదుడి పద్యం. తండ్రి మాట విననన్న పిల్లవాడిది. రాముడి కథ చెప్పి తండ్రి మాట జవదాటకూడదన్నాను, ప్రహ్లాదుడి కథ చెప్పి తప్పయితే తండ్రికైనా ఎదురు చెప్పాలన్నాను. ఏ రోజు ఏ కథ చెప్పానంటే, ఆ రోజు నాకు ఏది కావాలో అది.

మరుసటి ఆదివారం మా నాన్నగారు పద్యం ఊసెత్తలేదు. "మొన్న అమ్మతో ఏదో చూడ్డానికి వెళ్ళావటగా, ఏమిటది?" అని అడిగారు. తను ఫోన్ నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఓడ, రేడియో, కోట. తెలుగు రాని చోట జర్మన్ పెట్టుకుంటూ చెప్పింది. మధ్యలో ఆగి నా వైపు తిరిగింది. "అమ్మా, డెసెర్టోయర్‌ని తెలుగులో ఏమంటారు?"

"పారిపోయినవాడు" అన్నాను. తను తల అడ్డంగా ఊపింది. ఆ మాట తనకి నచ్చలేదు. నాకూ నచ్చలేదు, కానీ ఇంకోటి తోచలేదు.

"యుద్ధం వదిలేసినవాడు అనమ్మా" అన్నారు ఫోన్‌లోంచి నాన్నగారు.

"ఆ. యుద్ధం వదిలేసినవాడు" అని పలికి, మళ్ళీ మొదలుపెట్టింది. ఇద్దరూ దాదాపు అరగంట మాట్లాడుకున్నారు. ఇన్నేళ్ళలో తను ఆయనతో అంతసేపు తెలుగులో మాట్లాడటం నేను చూడలేదు.

ఫోన్ పెట్టేశాక ఊరుకోవచ్చు కదా. "చివర్లో ఆ పద్యం కూడా పాడి ఉంటే తాతయ్య ఎంత సంతోషించేవారో" అన్నాను. తను నా వైపు చూసి, ఏమీ అనకుండా గదిలోకి వెళ్ళిపోయింది.