జానీ పెళ్లి, మా చిన్నాయన డోలు

పోయిన వారం తిరుచానూరు దారిలో ఒక కల్యాణమండపం వెనకాల, మేళం వాళ్లకు దొరికే ఆ అరగంట గ్యాప్‌లో, మా చిన్నాయన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి ఒక పాట వినిపించాను. ఐర్లాండ్ పాత బాణీల్ని రాక్‌తో కలిపి వాయించే డబ్లిన్ బ్యాండ్ హార్స్‌లిప్స్ వాళ్ల మొదటి సింగిల్ (విడిగా వేసిన పాట రికార్డు), ‘జానీస్ వెడ్డింగ్’, అంటే జానీ పెళ్లి. పేరు మాత్రం చెప్పలేదు. ఆయన డోలు వాయిస్తాడు, కుడిచేతి వేళ్లకు ఆ గట్టి తొడుగులు కూడా ఇంకా తియ్యలేదు. కాసేపు ఊరకే ఉన్నాడు, తర్వాత ప్లాస్టిక్ కుర్చీ చెయ్యి మీద టకటకమని మొదలుపెట్టేశాడు.

ఈ సింగిల్ 1972 మార్చి 17న, అంటే ఐర్లాండ్ వాళ్ల పెద్ద పండగ సెయింట్ పాట్రిక్స్ డే రోజున వచ్చింది. ఏ కంపెనీ కాళ్లూ పట్టుకోకుండా ‘ఓట్స్’ అని సొంత లేబుల్ పెట్టుకుని వేసుకున్నారు. అసలు ఈ బ్యాండ్ పుట్టిందే తమాషాగా. ఒక బీరు యాడ్‌లో బ్యాండ్‌లాగా కనిపించడానికి మనుషులు కావాల్సొస్తే, యాడ్ ఏజెన్సీలో పనిచేసే ముగ్గురు మేమున్నాం అని నిలబడ్డారు, కీబోర్డుకు ఇంకొకర్ని పట్టుకొచ్చారు, ఆ నటన కాస్తా నిజమైపోయింది. మరుసటి ఏడాది వచ్చిన ‘డియర్గ్ డూమ్’ గురించే అందరూ మాట్లాడతారు, పాత ఐరిష్ మార్చ్ బాణీని గిటార్ రిఫ్‌గా, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న ముక్కగా మార్చింది అదే కాబట్టి. నాకు మాత్రం ఈ మొదటిదే ఇష్టం.

ఎందుకంటే మన దగ్గర ఫ్యూజన్ అంటే మొదట్లో పదిహేను సెకన్లు నాదస్వరం ఊది, డ్రమ్స్ రాగానే ఆ ఊదినాయన్ని పక్కన కూర్చోబెట్టడం. పెళ్లిలో తాళి కట్టగానే మేళం వాళ్లను మర్చిపోయినట్టు. హార్స్‌లిప్స్ వాళ్లు అట్లా చెయ్యలేదు. పాత నాట్యపు బాణీనే పాటంతా నడిపిస్తుంది, రాక్ దాని వెనకాల నడుస్తుంది.

ఇది చెప్పినంత సులువు కాదని నాకు బాగా తెలుసు. ఒక కాలేజీ ఫెస్ట్‌లో మేమూ ఒకసారి గంగమ్మ జాతర డప్పు, నాదస్వరం, గిటార్ కలిపి వాయించి చూశాం. గిటార్ తీగలు బిగించో వదులు చేసో శ్రుతి మార్చుకోవచ్చు, నాదస్వరానికి ఆ వీలు లేదు, దాని పొడుగును బట్టి దాని శ్రుతి అంతే. గిటారే దిగి రావాలి. మావాడు దిగలేదు, స్టేజి మీద మూడు నిమిషాలు రెండు శ్రుతులు కొట్టుకున్నాయి, సౌండ్ వాడేమో నాదస్వరం మైక్ ఆపేసి సమస్య తీరిందన్నాడు. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

పాట అయిపోయాక చిన్నాయన ఇయర్‌ఫోన్ తీసి ఇచ్చాడు.

“ఎవురి పెండ్లిరా ఇది?”

నేను నోరు తెరిచేలోపే మండపం లోపల్నుంచి పిలుపొచ్చింది, ముహూర్తానికి టైమైందని. డోలు భుజానికి తగిలించుకుంటా వెనక్కి తిరిగి, “ఆ కరెంటు వాయిద్యం కొంచెం తగ్గించమను, మిగతాది బాగానే ఉండాది” అనేసి పోయినాడు.