సముద్ర రక్షణలో కర్నూలు వంతు

సముద్రతీరాలను కాపాడే సంఘాల ప్రస్తావన వస్తే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం గుర్తుకు వస్తాయి గాని కర్నూలు ఎవరికీ తోచదు. అయితే హంద్రీ మా ఊళ్లోనే తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది, ఆ కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. అందువల్ల తీరరక్షణలో మాకూ వంతు ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ సంఘాలు చేసిన పనుల్లో నాకు అత్యంత గౌరవం కలిగించింది తీరాన ఉప్పునీటి బురదనేలల్లో పెరిగే మడ అడవుల పునరుద్ధరణ. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990ల చివరి నుంచి గోదావరి, కృష్ణా డెల్టాల్లో అటవీశాఖతోనూ తీరగ్రామాల ప్రజలతోనూ కలిసి దీన్ని చేపట్టింది. పూర్వం మడచెట్లను మొత్తంగా నరికేసిన చోట్ల నేల ఎండకు కుంగి గుంటపడింది. పోటు వేళ లోపలికి వచ్చిన నీరు పాటు వేళ వెనక్కి పోలేక అక్కడే ఆవిరి కావడంతో ఉప్పు పేరుకుని, మొక్క బతకని పరిస్థితి ఏర్పడింది. అందుకని వారు ఉప్పుటేరు నుంచి ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా చేపముల్లు ఆకారంలో ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వించి, నీటి రాకపోకలు కుదిరేలా చేసి, కాలువ వాలుపై తెల్లమడ మొక్కలు నాటించారు. మా సీమలో వాననీరు నిలవడానికి కందకాలు తవ్వుతాం, అక్కడ నీరు నిలిచిపోకుండా తవ్వారు. ఎన్ని మొక్కలు నాటామన్న లెక్కకంటే నేలకు ఏం కావాలన్న విచారణ ముందు జరిగింది కాబట్టే ఆ పనికి విలువ ఉంది.

కాని మడ అడవికి ఒండ్రు కూడా కావాలి. అది ఎగువ నుంచి రావాలి. శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది; పూడిక చేరగా ఇప్పుడు దాని సామర్థ్యం సుమారు 215 టీఎంసీలు. డెల్టాను పెంచి, తీరాన్ని కోత నుంచి కాపాడవలసిన మట్టి ఆనకట్ట వెనుకే ఆగిపోతోంది. దీన్ని తీరంలోని ఏ సంఘమూ ఒంటరిగా సరిదిద్దలేదు.

ఒండ్రును ఆపుకుంటున్న మేము చెత్తను మాత్రం ధారాళంగా వదులుతున్నాం. ఎండాకాలంలో హంద్రీ వంతెన మీది నుంచి చూస్తే కంపచెట్లకు చిక్కుకున్న క్యారీ బ్యాగులు, పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, వాటి నడుమ నల్లగా పారే మురుగు కనిపిస్తాయి. తొలి వరదకు అవన్నీ కదులుతాయి. కొంత జలాశయాల్లో ఆగినా, ఎండకు పెళుసెక్కి తునకలైనది గేట్లు ఎత్తినప్పుడు నీటితో పాటే దిగువకు పోతుంది.

అమెరికాలోని టెక్సస్‌లో 1986లో మొదలైన అంతర్జాతీయ తీర పరిశుభ్రత కార్యక్రమం నుంచి మనం నేర్చుకోదగినది ఒకటుంది. అక్కడి స్వచ్ఛంద సేవకులు చెత్తను ఏరడంతో సరిపెట్టక, ఏ వస్తువు ఎంత దొరికిందో కాగితంపై నమోదు చేశారు. ఆ పద్ధతి ఇప్పటికీ కొనసాగుతోంది. అలాంటి పట్టిక చేతిలో ఉంటే ఏ వస్తువును అరికట్టాలో నగరపాలక సంస్థను నిలదీసి అడగవచ్చు.

ఆ కార్యక్రమం ఏటా సెప్టెంబరు మూడో శనివారం జరుగుతుంది. తీరానికి అది సరిపోవచ్చు గాని, అప్పటికి మా హంద్రీ చెత్త కొట్టుకుపోయి ఉంటుంది. మా కళాశాలల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులూ, పేటల యువజన సంఘాలూ ఈ పనిని మే నెలలో, తొలకరికి ముందే, పట్టిక రాసుకుంటూ చేయాలని కోరుతున్నాను.