మా ఇల్లు నలుగురి చేతుల్లో

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేముంటున్న రెండు పడకగదుల ఫ్లాట్ అమ్మేసి, ఊరిని ఆనుకునే ఉన్న లోయర్ ఎర్లీలో మూడు పడకగదుల ఇల్లు కొనాలని 2024 వేసవిలో నిశ్చయించుకున్నాం. ఫ్లాట్‌కు 2.6 లక్షల పౌండ్లకు కొనేవారు దొరికారు. మాకు నచ్చిన ఇల్లు 4.5 లక్షలకు కుదిరింది. ఆ మాట చెప్పగానే ఖమ్మం నుంచి నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "బయానా ఎంత ఇచ్చావురా?"

ఏమీ ఇవ్వలేదన్నాను. "మరి ఆ ఇల్లు నీకే ఇస్తారని ఏమిటి నమ్మకం?"

నమ్మకమేమీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పద్ధతే అంత. ధర ఒప్పుకున్నాక కూడా, ఇంటి స్థితి పరీక్షించే సర్వేకూ, కాగితాలు చూసే లాయరు సొలిసిటర్‌కూ మన డబ్బు ఖర్చవుతున్నా, ఇరుపక్షాలూ కాంట్రాక్టులు మార్చుకునే రోజు వరకు ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. ఆ మార్పిడినే ఎక్స్ఛేంజ్ అంటారు. మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్ కట్టేదీ, మాటకు కట్టుబడక తప్పనిదీ అప్పటి నుంచే. స్కాట్లండ్ వ్యవహారం వేరు. అక్కడ ఇంటి స్థితి, విలువ తెలిపే హోమ్ రిపోర్ట్ అమ్మేవారే చేయించి పెట్టాలి. సొలిసిటర్ల మధ్య ఉత్తరాలు ముగిశాయంటే బేరం ఖాయమైనట్టే. అమ్మేవారు ముందే కాగితాలు సిద్ధం చేయాలన్న నిబంధన ఇంగ్లండ్‌లోనూ 2007లో తెచ్చారు, 2010లో ఎత్తేశారు. తెచ్చినవారి మీద కంటే ఎత్తేసినవారి మీదే నాకు కోపం.

ఒకరి అమ్మకం మీద ఇంకొకరి కొనుగోలు ఆధారపడే ఇళ్ల వరుసను ఇక్కడ చైన్ అంటారు. మా చైన్ సంగతి చెబుతాను. మా ఫ్లాట్ కొనే యువజంట అందరికంటే కింద. వారి పైన మేము. మా పైన, మాకు ఇల్లు అమ్ముతున్న వృద్ధ దంపతులు. వాళ్లు డెవన్‌లో కూతురి ఊళ్లో మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకున్నారు. ఆ ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి చైన్ అక్కడితో ఆగిపోతుందని, ఇంత పొట్టి చైన్ దొరకడం అదృష్టమని ఏజెంట్ చెప్పాడు. నలుగురూ ఒకే రోజున ఎక్స్ఛేంజ్ చేయాలి, ఒకే రోజున ఇళ్లు మారాలి. కింది నుంచి డబ్బు పైకి వెళ్తుంది, పై నుంచి తాళాలు కిందికి వస్తాయి. మధ్యలో ఒక్కరు ఆగితే అందరూ ఆగుతారు.

మేమైతే అక్టోబరులోనే ఆగాం. యువజంట కంటే ముందు మా ఫ్లాట్ ఒప్పుకున్న పెద్దమనిషి ఒక శుక్రవారం సాయంత్రం మనసు మార్చుకున్నాడు. ఏజెంట్ నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. అతని సొలిసిటర్ వేసిన ప్రశ్నలకు మేము వారాల తరబడి సమాధానాలు వెతికి ఇచ్చాం. భవనం గోడల అగ్ని భద్రతకు సంబంధించిన ఈడబ్ల్యూఎస్1 పత్రం, నిర్వహణ సంస్థ వందల పౌండ్లు తీసుకుని తాపీగా పంపే లీజు సమాచారం, సర్వీసు చార్జీల లెక్కలు, అన్నీ. "కనీసం అతని బయానా అయినా మీకు మిగిలిందా?" అన్నారు నాన్న. బయానా అనేదే లేదని మళ్లీ చెప్పాను. "అయితే ముందు ఆ ఇల్లు కొనెయ్యి, ఫ్లాట్ నిదానంగా అమ్ముకో" అన్నారు. మన దగ్గర సబబైన సలహానే. కానీ అక్టోబరు 31 నుంచి రెండో ఇంటి మీద అదనపు స్టాంప్ డ్యూటీ 3 నుంచి 5 శాతానికి పెరిగింది. 4.5 లక్షల ఇంటికి అది 22,500 పౌండ్లు. మూడేళ్లలోపు పాత ఇల్లు అమ్మితే తిరిగి ఇస్తారు, కానీ ముందు కట్టడానికి చేతిలో ఉండాలి కదా.

నవంబరులో యువజంట దొరికారు. ఈలోగా మేము కొనే ఇల్లు మళ్లీ అమ్మకానికి పెట్టారు. మేము తిరిగి నిలబడేసరికి ఆ దంపతులు వేరే ఎవరినీ ఒప్పుకోకుండా ఉన్నారు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఇక అక్కడి నుంచి కాగితాల కాలం. కొనే ఇంటి గురించి రికార్డులు వెతికించడాన్ని సెర్చ్ అంటారు. కౌన్సిల్ (స్థానిక సంస్థ) సెర్చ్, డ్రైనేజీ సెర్చ్, పర్యావరణ సెర్చ్. సర్వేలో బాయిలర్ పాతదని, వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ ఎప్పుడో తీసేశారని, దానికి కౌన్సిల్ ధ్రువపత్రం లేదని తేలింది. మామూలుగా దీనికి ఇన్సూరెన్స్ పాలసీ కొని సర్దుకుంటారు. తమాషా ఏమిటంటే, ఆ గోడ సంగతి కౌన్సిల్‌ను అడగనే కూడదు. అడిగితే పాలసీ చెల్లకుండా పోవచ్చు. నిజం తెలుసుకోకుండా ఉండటానికి డబ్బు కట్టడం నాకు అదే మొదటిసారి.

ఆ కట్టల్లో నేను ఇష్టంగా చదివినది ఒక్కటే. ఇంట్లో ఏవి వదిలి వెళ్తారు, ఏవి తీసుకెళ్తారు అని అమ్మేవారు నింపే పత్రం. కర్టెన్ కడ్డీల నుంచి బట్టలారేసే తీగ వరకు వరుసగా గడులు ఉంటాయి. దీపాల ఫిట్టింగులు పీకేస్తే బల్బు, హోల్డరు పెట్టి వెళ్లాలని కూడా అందులోనే రాసి ఉంటుంది. పెద్దావిడ నీలి సిరాతో, గుండ్రటి అక్షరాలతో నింపింది. షెడ్డు వదిలేస్తారు. వాననీటి పీపా వదిలేస్తారు. చెట్లు, మొక్కలు అన్న గడి దగ్గర మాత్రం "అన్నీ వదులుతాం, వెనక గోడ పక్కన పసుపు గులాబీ తప్ప" అని రాసి, ఆ గులాబీ కింద గీత గీసింది.

జనవరి అంతా ఏ కబురూ లేదు. ఏజెంట్‌ను అడిగితే సెర్చ్‌లు రాలేదంటాడు, సొలిసిటర్‌ను అడిగితే పైవారి జవాబు కోసం చూస్తున్నామంటుంది. ఒకరి మాట ఇంకొకరికి చేరేసరికి అది వేరే మాట అవుతుంది. ఆగస్టులో వచ్చిన మార్ట్‌గేజ్ ఆఫర్‌కు, అంటే ఇంటి రుణం ఇస్తామన్న బ్యాంకు మాటకు, ఆరు నెలలే గడువు. దాన్ని పొడిగించమని బ్యాంకును బతిమాలుతున్నాం. నాకు విసుగొచ్చి, కొలతలు తీసుకోవాలన్న నెపంతో నేరుగా ఆ ఇంటికి వెళ్లాను. సొలిసిటర్లకు ఇది నచ్చదు, నాకు తెలుసు. కొనేవారూ అమ్మేవారూ మాట్లాడుకుంటే ఏదో ఒకటి ఒప్పేసుకుంటారని వారి భయం. ఇప్పుడు ఎవరడిగినా నేను మాత్రం వెళ్లమనే చెబుతాను.

పెద్దాయన టీ ఇచ్చి, ఏజెంట్ ఇన్నాళ్లూ చెప్పని విషయం రెండు నిమిషాల్లో చెప్పాడు. డెవన్ ఇంటి యజమాని చనిపోయారు. అమ్ముతున్నది పిల్లలు. వీలునామా ప్రకారం ఆస్తి వ్యవహారం చూసే అధికారం, ప్రొబేట్, ఇంకా రాలేదు. అది లేకుండా ఇల్లు చూపించవచ్చు, ధర ఒప్పుకోవచ్చు, అమ్మకం మాత్రం పూర్తి చేయలేరు. మా కోసం ఎందుకు ఆగారో కూడా అప్పుడర్థమైంది. మమ్మల్ని వదిలేసినా వాళ్లు కదిలేది లేదు. సెర్చ్‌ల సాకు ఎవరు పుట్టించారో ఈరోజుకీ అంతుపట్టలేదు. ఆ పూట ఆయన ఫోను నంబరు తీసుకుని వచ్చాను. ఏజెంట్లు, సొలిసిటర్లు కలిసి చేసినదానికంటే ఎక్కువ పని ఆ నంబరు చేసింది.

ప్రొబేట్ ఫిబ్రవరి చివర వచ్చింది. అప్పటికి దేశమంతా ఒక్క తేదీ వైపే పరుగెడుతోంది. 2025 మార్చి 31తో స్టాంప్ డ్యూటీ రాయితీ ముగుస్తుంది. అప్పటిదాకా మొదటి 2.5 లక్షల మీద పన్ను లేదు, ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు 1.25 లక్షలకు దిగుతుంది. మాకు 10,000 కాస్తా 12,500 అవుతుంది. డెవన్ ఇల్లు కొనే దంపతులకూ మరో 2,500 పడుతుంది. యువజంటకు మాత్రం ఏమీ తేడా లేదు. మొదటి ఇల్లు కొనేవారికి 3 లక్షల వరకు అప్పుడూ సున్నాయే, ఇప్పుడూ సున్నాయే.

ఈ సంగతి వాళ్లకూ తెలుసు. ఎక్స్ఛేంజ్ చేయాల్సిన వారంలో, మూడు వేలు తగ్గిస్తేనే సంతకం అన్నారు. ఒళ్లు మండిపోయింది. మాకు మిగిలేది రెండున్నర వేలు, అడిగేది మూడు వేలు. మా ఆవిడ వదిలేద్దామంది, నేను తిట్టుకుంటూ పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన కాసేపు లెక్క చూసుకుని, "మనిద్దరికీ కలిపి ఐదు వేలు మిగులుతుంది. చెరో వెయ్యి ఇద్దాం, ఒప్పుకుంటారేమో అడగండి" అన్నాడు. ఒప్పుకున్నారు. ఆ జంటను చెడ్డవాళ్లని నేననను. బయానా లేని చోట చివరి వారంలో బలం ఎవరికి ఉంటే వారు అడుగుతారు.

డిపాజిట్ పంపేముందు ఒక్క పౌండు పంపి, సొలిసిటర్ ఆఫీసుకు ఫోన్ చేసి అందిందని చెప్పించుకుని మిగతాది పంపాను. తమ బ్యాంకు ఖాతా మారిందంటూ దొంగ మెయిల్ వస్తే నమ్మవద్దని ప్రతి ఉత్తరం అడుగునా ఎర్ర అక్షరాలతో రాస్తారు. ఇంత గట్టిగా చెబుతున్నారంటే ఎంతమంది మోసపోయి ఉంటారో.

ఇళ్లు మారే తేదీ మార్చి 28, శుక్రవారం. గడువుకు ముందు చివరి శుక్రవారం కాబట్టి అందరికీ అదే కావాలి. మా అత్తయ్యకు తప్ప. చతుర్దశి, పైగా మర్నాడు అమావాస్య. "ఇంకే రోజూ దొరకలేదా?" అంది. నాలుగు కుటుంబాలు, నలుగురు సొలిసిటర్లు, బ్యాంకులు ఒప్పుకున్న తేదీ అది, ఒప్పుకోనిది పంచాంగం ఒక్కటే. సిద్ధాంతి గారు దయగల మనిషి. సామాను దింపుకోండి, పడుకోండి, తప్పు లేదు, ఆదివారం ఉగాది కదా, ఆ పొద్దున పాలు పొంగించండి, వ్రతం వైశాఖంలో చేసుకోండి అన్నారు. ఆయనే మా చైన్‌కు ఏజెంట్ అయి ఉంటే జనవరిలోనే అయిపోయేది.

ఆ శుక్రవారం పొద్దున్నే ఫ్లాట్ ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశాం. అక్కడి నుంచి మేము ఏ ఇంటివాళ్లమూ కాదు. సామాను లారీ కొత్త ఇంటి వీధి మొదట్లో ఆగి ఉంది, అందులోకి ఎక్కనివ్వకుండా మా ఆవిడ దేవుడి పటాలు, బియ్యం సంచి తన ఒళ్లోనే పెట్టుకుని కారులో కూర్చుంది. డబ్బు ఒక్కో సొలిసిటర్ ఖాతాను దాటుకుంటూ పైకి వెళ్లాలి. మధ్యాహ్నం రెండు గంటల లోపు చేరకపోతే ఆలస్యం లెక్కలో ఆ రోజు చెల్లినట్టు కాదు. శుక్రవారం కదా, తర్వాతి పని దినం సోమవారమే. ఒంటి గంట దాటినా కబురు లేదు. లారీ వాళ్లు శాండ్‌విచ్‌లు తింటున్నారు. ఎదురుగా పెద్దాయన లారీ కూడా ఇంటి ముందే ఉంది, ఆయన గులాబీ మొక్కను వేళ్ల మట్టితో సహా గోనెపట్టాలో చుట్టి ముందు సీటు దగ్గర పెడుతున్నాడు. రెండుకు ఇరవై నిమిషాల ముందు ఏజెంట్ ఫోన్ చేసి, తాళాలు తీసుకోండి అన్నాడు. అదే నిమిషంలో పెద్దాయన ఫోను కూడా మోగింది.

ఆదివారం పాలు పొంగించాం. ఏప్రిల్ రెండో వారంలో బాయిలర్ ఆగిపోయింది. స్టాంప్ డ్యూటీలో మిగిలిన రెండున్నర వేలలో యువజంటకు పోగా మిగిలిన పదిహేను వందలూ దానికే సరిపోలేదు. కొత్త బాయిలర్ కాగితాలు, ధ్రువపత్రం మాత్రం ఒక ఫైలులో భద్రంగా పెట్టాను. రేపు మేము అమ్మేటప్పుడు ఎవరి సొలిసిటరో తప్పకుండా అడుగుతుంది.