అమ్మకు మందు, బాబుకు మాట

మా బాబు 32వ వారంలోనే పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు అన్నీ కొంత ఆలస్యంగా నేరుస్తారని అందరూ చెప్పడంతో, ఏడాది దాటినా నిలబడకపోవడాన్ని ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. "వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకు గాని మాటలు రాలేదు" అని మా అత్తయ్య ధైర్యం చెప్పేవారు. ఏడాదిన్నర వయసులో, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి వచ్చిన వైద్య బృందం వాడిని పరీక్షించింది. వేలు పెట్టి చూపించడం, పిలిస్తే తిరిగి చూడడం, అర్థమున్న మాట ఒక్కటైనా అనడం లేవని గుర్తించి జిల్లా ఆసుపత్రిలో ఎదుగుదల వెనకబడిన పిల్లలను చూసే సత్వర చికిత్స కేంద్రానికి పంపింది. అక్కడ బెరా పరీక్షలో వినికిడి బాగానే ఉందని తేలింది. ఎదుగుదల మాత్రం అన్ని విధాలా వెనకబడి ఉందన్నారు.

అప్పటికే నాకు జబ్బు చేసి ఏడాది దాటింది, కాని దాన్ని జబ్బుగా ఎవరూ గుర్తించలేదు. బాలింత నీరసమన్నారు, దిష్టి అన్నారు, రక్తం తక్కువగా ఉందన్నారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది, ఆకలి ఉండేది కాదు. అయినా బాబుకు స్నానం, పాలు, ఉగ్గు ఏదీ వేళ తప్పలేదు. తప్పినదల్లా మాటే. బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నలుగు పెడుతూ, నీళ్ళు పోస్తూ ఆడవాళ్ళు ఎన్నెన్ని కబుర్లు చెబుతారో మన ఇళ్ళలో అందరూ వినే ఉంటారు. నేను ఆ పనంతా నోరు విప్పకుండా చేసేదాన్ని. మాట్లాడాలని తోచేది కాదు, తోచినా గొంతు పెగిలేది కాదు.

సత్వర చికిత్స కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు బాబును చూడడం ముగించి, "మీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగారు. బాబు పుట్టాక ఆసుపత్రుల్లో నన్ను నా గురించి అడిగిన మొదటి మనిషి ఆమె. 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిని నాకు తెలుగులో చదివి వినిపించారు. గడచిన వారం మనసు ఎలా ఉందో తెలుసుకునే 10 ప్రశ్నలవి. చివరిది తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. అప్పుడప్పుడు వస్తోందని ఉన్నదున్నట్లు చెప్పాను. ఆమె అదే రోజు నన్ను మానసిక వైద్యుల దగ్గరకు స్వయంగా తీసుకెళ్ళారు.

డాక్టరు గారు ఇది కుంగుబాటని చెప్పి సెర్ట్రలిన్ రాశారు. బాబు ఇంకా పాలు తాగుతున్నాడని నేను వెనకాడితే, ఆ మందు తల్లిపాలలోకి చాలా స్వల్పంగానే చేరుతుందని వివరించారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలల పాటు సొంతంగా మానకూడదని మా వారిని కూడా కూర్చోబెట్టి చెప్పారు. బాబు వెనకబాటుకు నా జబ్బు కారణం కాదని ఆయన అన్నాకే నేను ఆ మాత్రలు వేసుకోవడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను.

కారణం కాకపోయినా, ఈ రెండు సమస్యలూ ఒకదాన్నొకటి పెంచుతాయి. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త, పసిపిల్లల ఎదుట కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోమని తల్లులను కోరారు. పిల్లలు ముందు నవ్వి, చేతులు చాపి, తల్లిని పలికించాలని చూసి, ఫలితం లేక ముఖం తిప్పేసుకున్నారు. కుంగుబాటులో ఉన్న తల్లి గొంతులో హెచ్చుతగ్గులు తగ్గిపోతాయి, బిడ్డ అలికిడికి బదులు పలకడం ఆలస్యమవుతుంది. ఎదుగుదల వెనకబడిన పిల్లలైతే అడిగేదే తక్కువ, అడిగినా గట్టిగా అడగరు. ఒక చూపు, చేతి కదలిక, చిన్న మూలుగు, అంతే. ఆరోగ్యంగా ఉన్న తల్లికే అవి అందడం కష్టం. మా ఇంట్లో వాడి కబురు ఆలస్యంగా వచ్చేది, నా జవాబు అంతకంటే ఆలస్యంగా వెళ్ళేది, ఈలోగా వాడు అడగడం మానేసేవాడు.

నాకు కాస్త నిద్ర పట్టడం మొదలయ్యాక థెరపిస్టు అసలు పనికి పూనుకున్నారు. నేను బాబుకు ఇడ్లీ తినిపిస్తుండగా నా ఫోన్‌లోనే వీడియో తీసి, ఆపి ఆపి చూపించారు. ఒకచోట వాడు పళ్ళెం అంచు మీద వేలు పెట్టి, నా ముఖంలోకి క్షణకాలం చూసి, వేలు తీసేశాడు. తినిపిస్తున్నప్పుడు అది నా కంట పడలేదు. "చూడండమ్మా, ఇక్కడ బాబు ఇంకా పెట్టమని మిమ్మల్ని అడిగాడు" అన్నారామె. ఆ రాత్రి ఇంటికి వచ్చాక ఆ ముక్కను ఎన్నిసార్లు చూసుకున్నానో.

వాడి కళ్ళకు ఎదురుగా, అదే ఎత్తులో కూర్చోవాలని, ముద్ద చూపించి మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగాలని, వాడు ఏ శబ్దం చేస్తే దాన్నే తిరిగి పలికి ఒక్క మాట జోడించాలని, "ఇదేంటి, చెప్పు చెప్పు" అని గుచ్చి గుచ్చి అడగకూడదని ఆమె నేర్పారు. రోజంతా మాట్లాడించమని ఉంటే నేను ఆనాడే చేతులెత్తేసేదాన్ని. ఒక పూట భోజనం, ఒక స్నానం చాలన్నారు. మనసు బాగాలేని రోజున స్నానం ఒక్కటే చాలన్నారు. కుంగుబాటులో ఉన్న తల్లికి ఇచ్చే పని ఇంత చిన్నదిగానే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. మా అత్తయ్యకూ ఆ వీడియో చూపించారు. అప్పటి నుంచి ఆవిడ తెల్లవారగానే బాబును తీసుకుని నన్ను ఇంకాసేపు పడుకోనిచ్చేవారు.

ఇదంతా జిల్లా ఆసుపత్రి దాకా వెళ్ళగలిగినవాళ్ళకే దక్కడం నన్ను బాధపెడుతోంది. పాకిస్తాన్ పల్లెల్లో మన ఆశాల వంటి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్న తల్లుల ఇళ్ళకు పంపారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో 23 శాతం మందే కుంగుబాటులో మిగిలారు. ఆ శిక్షణ లేని కార్యకర్తలు వెళ్ళిన ఇళ్ళలో 53 శాతం. తల్లిదండ్రులు పిల్లలతో ఆడుకోవడం కూడా పెరిగింది. మన అంగన్‌వాడీలో బిడ్డ బరువు తూచేటప్పుడే తల్లి నిద్ర గురించీ అడగవచ్చు.

బాబుకు ఇప్పుడు నాలుగేళ్ళు. నడుస్తాడు, కావలసినదాన్ని వేలితో చూపిస్తాడు, "అమ్మా నీళ్ళు", "తాత బండి" అని రెండేసి మాటలు కలుపుతాడు. తోటి పిల్లల కంటే ఇంకా వెనకే ఉన్నాడు, థెరపీ సాగుతూనే ఉంది. నా మాత్రలను డాక్టరు గారు మెల్లగా తగ్గించి ఆపేశారు గాని, నిరుడు నిద్ర మళ్ళీ చెదిరింది. నేను మాట తగ్గించానని మా వారే ముందు గమనించి 14416కు ఫోన్ చేయించారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఆ టెలీ మానస్ సేవ రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. నా మాటంతా విని, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవమన్నారు. మందు మళ్ళీ మొదలైంది. బాబు థెరపీ ఉన్న రోజునే నా పరీక్ష కూడా పెట్టించుకుని ఇద్దరం కలిసే వెళ్తున్నాం.