అమ్మమ్మ ఫోటో: రీలా, డిజిటలా?

పోయిన సంక్రాంతికి ఊళ్లో అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే రెండు కెమెరాలతోనూ ఫోటోలు తీశాను. ఒకటి నాన్న దాచుకున్న పెంటాక్స్ కె1000 అనే 35 ఎం.ఎం. ఫిల్మ్ కెమెరా, అందులో 400 స్పీడ్ కలర్ రీలు. రెండోది నా 24 మెగాపిక్సెల్ డిజిటల్. హాల్లో గోడకి 12x18 అంగుళాల ఫోటో ఫ్రేము కట్టించాలని ముందే అనుకున్నాం, ఏది బాగా వస్తే అది పెడదామని.

రీలు కడిగించి 4x6 ప్రింట్లు తెచ్చాక ఇంట్లో అందరూ ఫిల్ముకే ఓటేశారు. తెల్ల నేతచీర మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడుతున్నా మడతలన్నీ కనిపిస్తున్నాయి, చెంపల రంగు అచ్చం ఆవిడదే. డిజిటల్లో అదే చీర భుజం దగ్గర సున్నం కొట్టినట్టు తెల్లగా పోయింది. ఇంకేం ఆలోచించాలి అని ల్యాబ్ వాళ్లిచ్చిన స్కాన్‌తోనే 12x18 వేయించాను. అది చేతికి వచ్చాక ప్రాణం ఉసూరుమంది. ముక్కుపుడక రాయి ఒట్టి తెల్ల మచ్చ, కనుబొమల వెంట్రుకలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

తప్పు ఫిల్ముది కాదు. ఆ ఫైలు తెరిచి చూస్తే 1800x1200 పిక్సెల్స్, అంటే రెండు మెగాపిక్సెల్స్‌కి కాస్త ఎక్కువ. 4x6 ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెల్స్ వస్తాయి, చక్కగా సరిపోతుంది. దాన్నే 18 అంగుళాలకి సాగదీస్తే వందకి పడిపోతుంది. నా డిజిటల్ ఫైలు పొడవు 6000 పిక్సెల్స్, అదే సైజుకి 333 వస్తుంది. ఇది రీలు వాడేవాళ్లు చాలామంది పట్టించుకోని సంగతి: ఇప్పుడు కలర్ ల్యాబుల్లో నెగెటివ్‌ని దాని బొమ్మని కాగితం మీద పెద్దగా పడేసే ఎన్లార్జర్‌లో పెట్టి ప్రింట్ వేయడం దాదాపు పోయింది, ముందు స్కాన్ చేసి ఆ ఫైలునే ఫోటో పేపర్ మీదికి ఎక్కిస్తారు. కాబట్టి స్కాన్ ఎంతో ప్రింటూ అంతే.

వేరే చోట 4000 డీపీఐలో, అంటే అంగుళానికి 4000 చుక్కల చొప్పున, మళ్లీ స్కాన్ చేయించాను, దాదాపు 21 మెగాపిక్సెల్స్ వచ్చింది. ముక్కుపుడక మళ్లీ ముక్కుపుడకలా కనిపించింది, కానీ మొహం మీద గ్రెయిన్, అంటే ఫిల్ము రవ్వల గరుకు, కూడా తేలింది. 36 మిల్లీమీటర్ల పొడవున్న నెగెటివ్‌ని 18 అంగుళాలకి పెంచడమంటే పన్నెండున్నర రెట్లు పైనే మరి. హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకని నేరుగా పేపర్ మీద ఆనించి ప్రింట్ తీయడమే ఎక్కువ, అలా తీస్తే పలక ఎంతో ఫోటో అంతే, అందులో పెంచడమన్న మాటే లేదు. ఆ ఫోటోల్లో తలపాగా అంచు మీది జరీ కూడా లెక్కపెట్టొచ్చనిపించడానికి ఒక కారణం అదే. ఫిల్ములోనే పెద్ద కలర్ ప్రింట్ కావాలంటే నెగెటివ్ ఇంతకన్నా పెద్దగా వచ్చే 120 రీలు వేసే మీడియం ఫార్మాట్ కెమెరా పట్టుకోండి, 35 ఎం.ఎం.ని అంత కష్టపెట్టకండి.

ఉగాదికి మళ్లీ ఊరెళ్లినప్పుడు పొద్దున్న ఎండలో, డిజిటల్ కెమెరాతోనే, ఈసారి కెమెరా తన మార్పులేవీ చేయకుండా దాచే రా ఫైల్‌గా, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుతురు సగమే పడేలా తీశాను. డిజిటల్లో తెలుపు ఒకసారి కాలిపోయిందంటే ఏం చేసినా తిరిగి రాదు, నీడలో ఉన్నదాన్ని మాత్రం తర్వాత చాలావరకు పైకి లాగొచ్చు. కలర్ నెగెటివ్‌తో దీనికి తలకిందులు, దానికి వెలుతురు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువైతేనే నీడలు బురదలా వస్తాయి. చీర మడతలూ దక్కాయి, కనుబొమలూ దక్కాయి. మ్యాట్ పేపర్ మీద 12x18 వేయించి ఫ్రేము కట్టించాం, నిగనిగలాడే పేపరైతే హాల్లో ట్యూబులైటు అంతా అందులోనే కనిపిస్తుంది.

అదే రోజు పెంటాక్స్‌లో ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్ రీలు వేసి, అమ్మమ్మ చేతులు మాత్రమే తీశాను. స్నేహితుడి డార్క్ రూమ్‌లో ఎర్ర లైటు కింద మందు ట్రేలో కాగితం మెల్లగా ఆడిస్తుంటే ముందు గోళ్లు, తర్వాత వేళ్ల గీతలు, ఆఖరికి వాటికి అంటుకున్న చింతపండు పీచు బయటపడ్డాయి. 8x10కి పెంచింది ఎనిమిదిన్నర రెట్లే, గ్రెయిన్ ఉంది, అది ఆ చర్మానికి అతికినట్టు కూడా ఉంది. ఈ పనికి మాత్రం నాకు ఫిల్మే కావాలి, స్కానర్ మధ్యలో లేకుండా.

గోడ మీది పెద్ద ఫోటో చూసి అమ్మమ్మ బాగుందంది. ఆ చేతుల ఫోటోని మాత్రం అడిగి తీసుకుని, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టుకుంది.